ఆకు వదిలి బండ పట్టిన పిట్ట

ఖిల్లా ఘణపూర్ గుట్ట మీద మూడు సెకన్లు కనబడింది. పేరు తేలడానికి మూడు చలికాలాలు పట్టింది. తులం బరువు లేని ఒక వలస పిట్ట వెంట పడిన కథ ఇది.

మొదట తొండ అనుకున్నాను.

కోటగోడను ఆనుకొని ఏనుగంత గుండు ఒకటుంది. దాని నడుం మీద బూడిదరంగు మచ్చ ఏదో కదిలింది. సరసరా పైకి పాకింది, పగులులో తల దూర్చింది, తీసింది, అడ్డంగా రెండు జానలు జరిగింది. చలికాలం పొద్దున ఏడింటికి తొండలు బయటికి రావన్న సంగతి గుర్తొచ్చేలోపే ఆ తొండకు రెక్కలొచ్చాయి. లేచి అవతలి గుండు మీద వాలింది. బండకు పొట్ట ఆనేంతగా వంగి మళ్లీ పాకడం మొదలెట్టింది. కంటి మీద పసుపు గీత, కడుపు మీద మాసిన పసుపు. అంతవరకే చూశాను. గుండు వెనక్కి పోయింది, పోయింది పోయినట్టే.

సంచిలో పక్షుల పుస్తకం ఉంది, జేబులో ఫోను ఉంది, మెడలో బైనాక్యులర్ ఉంది. పేరు మాత్రం నోటికి రాలేదు. నోట్‌బుక్కులో "చిన్న పిట్ట, పిచ్చుక కంటే చిన్నది, బండ మీద పాకుతోంది" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ ప్రశ్నార్థకం చెరగడానికి రెండేళ్లు దాటింది.

గుండ్ల కోట

ఖిల్లా ఘణపూర్ ఇప్పుడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాలు చీలేదాకా మహబూబ్‌నగర్ జిల్లా కిందే ఉండేది. ఊళ్లో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అంతా పాలమూరే. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి ఏలుబడిలో గోన వంశపు సామంతుడు గణపరెడ్డి ఈ కోట కట్టించాడని చెబుతారు. కింద ఉన్న చెరువు పేరు గణపసముద్రం. రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డిది ఆ ఇంటిపేరే. అడివి బాపిరాజు నవల చదివినవాళ్లకు గోన గన్నారెడ్డి పేరు తెలుసు. చదవనివాళ్లకు 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ ముఖం గుర్తొస్తుంది. ఏదైనా ఫర్వాలేదు, గుట్ట ఎక్కడానికి రెండూ పనికొచ్చే కారణాలే.

అయితే కోట కట్టింది మనుషులే కానీ, సగం గోడ ముందే ఉంది. రాజులు చేసిందల్లా గుండుకీ గుండుకీ మధ్య ఉన్న సందును మూసుకుంటూ పోవడమే. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, ఉల్లిపొరలా పెచ్చులూడుతూ ఈ గుండ్రటి రూపానికి వచ్చింది. పెచ్చుకీ బండకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. సాలీడు గుడ్లు పెట్టేది అందులోనే, చిమ్మట పగలంతా దాక్కునేది అందులోనే. గుట్ట వాలు మీద సీతాఫలం పొదలు, మోదుగలు, బలుసు, పరికి, ఎక్కడో ఒక వేప. దట్టమైన అడవేం కాదు. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఆకాశం కనబడుతూనే ఉంటుంది. రెవెన్యూ కాగితాల్లో దీన్ని సాగుకు పనికిరాని భూమి అంటారు. ఎవరి సాగుకు అని మాత్రం అందులో రాయరు.

ఏది కాదో తేల్చడం

పిట్టను గుర్తుపట్టడమంటే పేరు కనిపెట్టడం అనుకుంటాం. నిజానికి చేసేది తీసివేతల లెక్క. ఏది కాదో తేల్చుకుంటూ పోతే చివరికి మిగిలేది పేరు.

పిచ్చుక కంటే చిన్నది అనగానే మనవాళ్లు చెప్పేది లిక్కుజిట్ట. ఆకులు కుట్టి గూడు కట్టే పిట్ట అదే. దానికి నడినెత్తిన తుప్పురంగు టోపీ, నిటారుగా నిలబెట్టిన తోక ఉంటాయి. పొదలో తిరుగుతుందే గానీ బండ మీద పాకదు. కొట్టేశాను. బండల మీద కనబడేది నల్లంచి. మగది నల్లగా, తోక కింద ఇటుకరంగుతో ఉంటుంది. ఆడది మట్టిరంగు. అదీ తోక ఎత్తే తిరుగుతుంది, నేల మీద గెంతుతుంది. పసుపు చుక్కయినా ఉండదు. దాన్నీ కొట్టేశాను.

ఈ పేర్ల దగ్గర కాస్త ఆగాలి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి, నెల్లూరులో కొన్నాళ్లు పనిచేసిన టి.సి. జెర్డన్ అనే ఆయన 19వ శతాబ్దంలో మన పిట్టల గురించి పుస్తకాలు రాశాడు. రాస్తూ చాలా పిట్టలను తెలుగువాళ్లు ఏమంటున్నారో అడిగి నమోదు చేసుకున్నాడు. నల్లంచి, పెద్దనల్లంచి, కంపనల్లంచి, లిక్కుజిట్ట, జిట్టకోడి... ఇవన్నీ అలా ఇంగ్లిషు పుస్తకాల్లో భద్రంగా ఉండిపోయిన తెలుగు పేర్లు. పేరు పెట్టినవాడి చూపు ఎంత సూటిగా ఉందో చూడండి. కంప చివర కూర్చునే నల్లపిట్ట కంపనల్లంచి. ఎక్కడ కూర్చుంటుందన్నదే పేరైపోయింది. ఈ కథలో ఆ కిటుకే నాకు చివరికి అక్కరకొచ్చింది, కాకపోతే ఆలస్యంగా.

చలికాలంలో వచ్చి ఆకుల్లో తిరిగే సన్నపాటి పిట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనవాళ్లకూ ఓపిక అయిపోయింది. అన్నిటినీ కలిపి 'పిట్ట' అనేశారు. తప్పు పట్టలేం. శాస్త్రం వీటిని ఫిలోస్కోపస్ అనే ప్రజాతి కింద పెట్టింది. గ్రీకులో ఆకును వెతికేది అని అర్థం. ప్రపంచంలో వీటిలో దాదాపు 80 రకాలున్నాయి. అన్నీ బొటనవేలంత పిట్టలే. చాలావరకు పైన పాచిరంగుకీ గోధుమరంగుకీ మధ్య ఏదో ఒక ఛాయలో, కింద తెలుపుకీ పసుపుకీ మధ్య ఏదో ఒక ఛాయలో ఉంటాయి. చాలావాటికి కంటి మీద ఒక గీత. ఆడా మగా ఒకేలా ఉంటాయి. సౌకర్యం కోసం వీటిని ఆకుపిట్టలు అందాం.

మన ఊళ్లలో చలికాలమంతా వేపచెట్టు పైకొమ్మల్లోంచి "చీ-వీ, చీ-వీ" అని రెండక్షరాలు పలికే ఆకుపిట్ట ఒకటుంటుంది. గ్రీనిష్ వార్బ్లర్. మీ వీధిలో కూడా ఉంటుంది. మీరు దాన్ని వేలసార్లు విని ఉంటారు, ఒక్కసారీ తల ఎత్తి ఉండరు. మొదటి చలికాలం నేను చేసిన తప్పు, గుట్ట మీద పిట్టకు ఆ పేరే తగిలించడం. ఎక్కువగా కనబడేదే అయి ఉంటుందన్న బద్ధకం. గ్రీనిష్ వార్బ్లర్ రెక్క మీద సన్నటి తెల్లచార ఒకటి ఉంటుంది. నా పిట్టకు చార లేదు. కానీ ఆ చార ఈకలు అరిగితే పోతుందని పుస్తకంలో ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని ఏడాది పాటు నిశ్చింతగా ఉన్నాను.

చారలు రెండుంటే అది హ్యూమ్స్ వార్బ్లర్. హ్యూమ్ అంటే ఎవరో కాదు, 1885లో కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన ఏ.ఓ. హ్యూమ్. రాజకీయాల్లోకి రాకముందు ఆయనకు పిట్టల పిచ్చి. 1872లో 'స్ట్రే ఫెదర్స్' అని పక్షుల పత్రిక పెట్టాడు. ఏళ్ల తరబడి కూడబెట్టిన రాతప్రతులను ఎవరో సిమ్లా బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశారు. దాంతో మనసు విరిగి, 80 వేలకు పైచిలుకు పక్షిచర్మాలు, గుడ్లు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. చిత్తుకాగితాల బేరగాడు కాస్త నిదానించి ఉంటే కాంగ్రెస్ చరిత్ర ఎలా ఉండేదో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. సరే, నా పిట్టకు ఒక్క చారా లేదు కాబట్టి హ్యూమ్ గారినీ పక్కన పెట్టాను.

పాట లేని పాటగాడు

ఆకుపిట్టలను విడదీయడానికి దగ్గరి దారి చెవి. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే చర్చి ఫాదరు ఉండేవాడు. అంతవరకూ అందరూ ఒకే పిట్ట అనుకున్నదాన్ని పాట విని మూడుగా విడదీశాడాయన. బైనాక్యులర్ లేదు, కెమెరా లేదు. తోటలో నిలబడి చెవులు రిక్కించాడు, అంతే.

ఈ పద్ధతి మనకు సగమే పనికొస్తుంది. ఇవి గానపక్షులే. ప్రపంచంలోని పక్షిజాతుల్లో దాదాపు సగం ఈ కోవలోవే. కానీ పాట పాడేది సొంతూళ్లో, జతకట్టే కాలంలో. మన దగ్గరికి వచ్చేది చలికాలం గడుపుకోవడానికి. ఇక్కడ ఎక్కువగా వినబడేది ఒక్క ముక్క కూత, "నేనిక్కడున్నా, నువ్వు అటే ఉండు" అన్నట్టు. కచేరీ అంతా అక్కడ, మనకు గొంతు సవరింపు మాత్రమే.

ఈ జాతుల మధ్య గీత ఎక్కడుందో చెప్పడం ఎంత కష్టమో చెప్పే విచిత్రం ఒకటుంది. మన వీధి వేపచెట్టు మీది గ్రీనిష్ వార్బ్లర్‌దే ఆ కథ. అది టిబెట్ పీఠభూమి చుట్టూ ఉంగరంలా పరుచుకొని గూళ్లు కడుతుంది. హిమాలయాల నుంచి పడమటి వైపుగా పైకి పోతే పాట కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. తూర్పు వైపుగా పోయినా అంతే, కానీ ఇంకో రకంగా. పక్కపక్క ఊళ్ల పిట్టలకు ఒకదాని పాట ఒకదానికి అర్థమవుతుంది. తీరా రెండు కొసలూ సైబీరియా అడవుల్లో కలిసేసరికి ఒకదాని పాట మరొకదానికి అర్థం కాదు, జతకట్టవు. గద్వాల యాసకూ శ్రీకాకుళం యాసకూ మధ్య ఒక్కో ఊరూ దాటుతూ పోతే ఎక్కడా తెగదు కానీ, ఆ కొసనూ ఈ కొసనూ ఎదురెదురుగా కూర్చోబెడితే ఇద్దరూ నవ్వుకుంటారు చూడండి, అలా. మనుషులు నవ్వుకొని పెళ్లి చేసుకుంటారు, పిట్టలు చేసుకోవు. క్లాడ్ టైస్‌హర్స్ట్ 1938లో ఆకుపిట్టల మీద రాసిన పెద్ద గ్రంథంలో ఈ ఉంగరం ఊహ చెప్పాడు. 2001లో డారెన్ ఇర్విన్, ఆయన తోటివారు పాటలనూ జన్యువులనూ కలిపి చూసి 'నేచర్' పత్రికలో దాన్ని వివరించారు. జాతి అంటే గోడ కాదు, కొన్నిచోట్ల అది వాలు మాత్రమే. ఇక మూడు సెకన్ల చూపుతో పేరు చెప్పేద్దామనుకున్న నా తొందర ఏపాటిది?

రెండో చలికాలం

ఈసారి కెమెరాతో ఎక్కాను. మూడో రోజున పిట్ట దొరికింది. పదకొండు ఫొటోలు తీశాను. తొమ్మిదింట్లో బండ మాత్రమే ఉంది. మిగతా రెండూ ఫోనులోని ఒక యాప్‌కు చూపిస్తే ఠక్కున పేరు చెప్పింది: టికెల్స్ లీఫ్ వార్బ్లర్. నేనూ సంతోషంగా రాసుకున్నాను. ఇంటికెళ్లి పుస్తకం తీస్తే అనుమానం మొదలైంది. టికెల్స్ కూడా రెక్క మీద చార లేని పసుపు ఆకుపిట్టే. కాకపోతే వీపు పచ్చగా ఉంటుంది, కడుపు నిమ్మపండు పసుపు. అది హిమాలయాల్లో గూడు కట్టే పిట్ట. బండల మీద పాకే పని దానికెందుకు? నా ఫొటోలు తీసింది ఎండెక్కాక, సీతాఫలం పొద పక్కన. ఆకుల పచ్చదనం ఈకల మీద పడింది. యాప్ చూసింది ఆ రంగునే. అది పిట్ట ఏం చేస్తోందో చూడదు, ఎక్కడుందో పట్టించుకోదు. ఆ మాటకొస్తే నేను కూడా పట్టించుకోలేదు. మొదటిరోజు నోట్‌బుక్కులో నా చేతిరాతతోనే "బండ మీద పాకుతోంది" అని ఉంది. అన్నిటికంటే పెద్ద ఆధారం అదే. దాన్ని వదిలేసి రెక్క మీద చారల వెంట పడ్డాను.

ఆకును వెతికేది అన్న పేరున్న ప్రజాతిలో ఆకును వదిలి బండను వెతికే పిట్ట ఒకటి ఉంది. సల్ఫర్-బెల్లీడ్ వార్బ్లర్. గంధకం రంగు కడుపుది అని అర్థం. శాస్త్రం పేరు ఫిలోస్కోపస్ గ్రిసియోలస్. గుండ్లు, పాత కోటగోడలు, కూలిన బురుజులు, ముదురు చెట్ల మాను... వీటి మీద పాకుతూ పగుళ్లలో పురుగులు ఏరుకోవడం దాని అలవాటు. పక్షుల పుస్తకాలు దాన్ని వర్ణించేటప్పుడు రంగుతో పాటు ఈ అలవాటునూ చెబుతాయి. వీపు చల్లటి బూడిద గోధుమ రంగు, పచ్చదనం దాదాపు లేనట్టే. కంటి మీది గీత ముక్కు దగ్గర చిక్కగా, ఇంచుమించు నారింజకు దగ్గరగా ఉండి వెనక్కి పోయేకొద్దీ పల్చబడుతుంది. కడుపు పసుపే గానీ ఉతికి ఉతికి వెలిసిన బనీను పసుపు. కూత మెత్తగా "క్విప్" అని, నీటిచుక్క ఇత్తడి గిన్నెలో పడినట్టు.

దీనికి పేరు పెట్టింది ఎడ్వర్డ్ బ్లైత్, 1847లో. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియానికి 1841 నుంచి 1862 దాకా క్యూరేటరు. జీతం తక్కువ, పని ఎక్కువ. ఎక్కడెక్కడి నుంచో వేటగాళ్లు, సైనికాధికారులు పంపిన పక్షిచర్మాలను బల్ల మీద పరుచుకొని కొత్తజాతులు తేల్చేవాడు. గ్రిసియోలస్ అంటే కాస్త బూడిదరంగుది. బతికున్న పిట్టలో, వెలిసినదే అయినా, కంటికి తగిలేది పసుపు. పసుపు పేరు రావాల్సిన పిట్టకు బూడిద పేరెందుకు వచ్చిందో, ఎండిన చర్మాల బల్ల దగ్గర కూర్చున్న మనిషిని తలచుకుంటే కాస్త అర్థమవుతుంది. పాకడం ఆయనకు కనబడే అవకాశమే లేదు. చర్మం పాకదు కదా.

మన ప్రాంతపు పిట్టలను బతికున్నట్టుగా, వాటి నడతతో సహా రాసుకున్న పని తర్వాత జరిగింది. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే చేశాడు. భార్య తెహ్‌మినా వెంట ఉంది. ఇక్కడికి తూర్పున ఉన్న అమ్రాబాద్ కొండల్లోనూ మకాం వేశారు. అప్పటికీ తుపాకీ తప్పలేదు, నమూనాలు సేకరించాల్సిందే. కానీ ప్రతి పిట్ట ఎక్కడ కనబడింది, ఏం తింటోంది అన్న వివరాలు కూడా జత చేశాడు. అది 1933-34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో, హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో అచ్చయింది. తర్వాత 1980లో హైదరాబాద్‌లో పక్షిప్రియులు బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పెట్టుకున్నారు. వాళ్ల పత్రిక పేరు 'పిట్ట'. ఇంతకంటే మంచి పేరు ఎవరూ పెట్టలేరు. ఆ సంస్థే ఇప్పుడు డెక్కన్ బర్డర్స్.

78వ రేఖ

మ్యాపు తీసి ఖిల్లా ఘణపూర్ మీద వేలు పెట్టండి. దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ వేలిని అటూ ఇటూ జరపకుండా నిటారుగా పైకి పోనివ్వండి. నర్మద దాటుతుంది, ఢిల్లీకి కాస్త తూర్పుగా పోతుంది, హిమాలయం ఎక్కుతుంది, లదాఖ్ మీదుగా కారకోరం దాటుతుంది. ఆపైన తక్లమకాన్ ఎడారి పడమటి అంచు. చివరికి కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్‌కూల్ సరస్సు, దాని చుట్టూ తియాన్‌షాన్ పర్వతాలు. మొత్తం సుమారు 2,800 కిలోమీటర్లు.

ఈ పిట్ట వేసవిలో గూడు కట్టే నేలంతా ఆ వేలి కిందా, దానికి అటూ ఇటూనే ఉంది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ కొండలు, కశ్మీర్, లదాఖ్, తియాన్‌షాన్, ఇంకా పైకి ఆల్టాయ్ దాకా. రెండున్నర వేల మీటర్ల నుంచి నాలుగు వేలు దాటిన ఎత్తు వరకు రాళ్లు పరిచిన కొండవాలు, పల్చటి చెట్లు, నేలబారు జూనిపర్ పొదలు. అక్కడా రాళ్లే, ఇక్కడా రాళ్లే. సగం ఖండం దాటి వచ్చి కూడా తన ఇంటిలాంటి ఇల్లే వెతుక్కుంది. ఘణపూర్ గుట్ట మీద పాకేది లదాఖ్‌దో తియాన్‌షాన్‌దో ఒళ్లు చూసి చెప్పలేం. దగ్గరి లదాఖ్ అనుకున్నా 1,900 కిలోమీటర్ల పైమాటే. ఈ జాతి పిట్టలు రాత్రిళ్లు ఎగురుతాయి. పగలు తినడం, పొద్దుగూకాక పోవడం. పదకొండు సెంటీమీటర్ల ఒళ్లు, ఏడెనిమిది గ్రాముల బరువు. పోస్టుకవరులో పెట్టినా అదనపు స్టాంపు అక్కర్లేదు.

పాలమూరులో వలస అనే మాట పిట్టలకు వాడితే ఎవరికైనా మనసు ఒక్కక్షణం ఆగుతుంది. దేశంలోని డ్యాముల కింద, కాల్వల కింద పాలమూరు లేబర్ చెమట ఉంది. బొంబాయి బస్సు ఎక్కని ఇంటిని ఈ వైపు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన రోజులున్నాయి. మనిషి బతకలేక వదిలిపోయిన నేల మీద పిట్ట బతకడానికి వస్తోందని రాస్తే వాక్యం బాగానే ఉంటుంది. కానీ అందులో కొంచెం దొంగతనం ఉంది. పిట్టకు అప్పులు లేవు, మేస్త్రీ లేడు. కాబట్టి ఆ పోలికను ఇక్కడే వదిలేస్తున్నాను.

మూడో చలికాలం

ఈసారి వెంటపడడం మానేశాను. ఎండ ఏ గుండుకు ముందు తగులుతుందో చూసుకొని, దానికి ఇరవై అడుగుల దూరంలో గొంగడి పరుచుకొని కూర్చున్నాను. చలికాలం పొద్దున బండ వెచ్చబడగానే పగుళ్లలోని పురుగుకు కదలిక వస్తుంది. పురుగు కదిలిన చోటికి పిట్ట రాక తప్పదు. చెట్ల కింద తిరిగి తిరిగి మెడ నొప్పి తెచ్చుకునేకంటే ఇది మేలు. మీరు వెళ్లినా ఇదే చేయండి. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా, పొద్దెక్కిన మొదటి రెండు గంటలు. లేతరంగు చొక్కా వేసుకోకండి. ఫోను సంచిలో ఉండనివ్వండి. పిట్ట కనబడగానే ఫొటో తీయాలనిపిస్తుంది, తీయకండి. ముందు రెక్క మీద చార ఉందా లేదా, కంటి మీది గీత ఏ రంగు, కాలు దేని మీద ఉంది, ఈ మూడూ చూసి రాసుకోండి. ఫొటో ఆ తర్వాత. పిట్ట కూత ఉన్న ఫోను రికార్డింగు గుట్ట మీద మోగించడం మాత్రం వద్దు. పరాయి పిట్ట తన చోటుకు వచ్చిందనుకొని తిండి మానేసి వెతుక్కుంటుంది. ఎనిమిది గ్రాముల ఒంటికి ఒక పూట తిండి చిన్న విషయం కాదు.

కూర్చుంటే ఇంకో లాభం ఉంది. మీరు అడగనివి కూడా కనబడతాయి. ఆ రెండు గంటల్లో గుండ్ల మధ్య తుప్పల్లోంచి జిట్టకోడి జంట బయటికొచ్చి, నన్ను చూసి, పరువుగల మనుషుల్లా నడిచి వెనక్కి పోయింది. ఇలాంటి కొండల్లో వెతకాల్సిన ఇంకో పిట్ట పసుపు గొంతు పికిలి. తల, గొంతు పసుపు, ఒళ్లు బూడిద. 1845లో జెర్డన్ లోకానికి చెప్పిన పిట్ట. దక్షిణ భారతంలోని ఇలాంటి రాళ్లగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. హార్స్‌లీ హిల్స్‌లో, కర్ణాటకలోని నంది కొండల్లో చూసేవాళ్లు చూస్తుంటారు. ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మీ వంటింటి అరుగు మీద చెయ్యి పెట్టండి, అది ఒకప్పటి గుట్ట. గుట్టలు పిండి అవుతుంటే చూడలేక హైదరాబాద్‌లో 1990ల్లో రాళ్లను కాపాడడానికే ఒక సొసైటీ పుట్టింది. అక్కడ నగరం కనబడుతుంది కాబట్టి రాయికి కూడా దిక్కు దొరికింది.

తొమ్మిదవుతుండగా "క్విప్" అని వినబడింది. కుడివైపు గుండు వెనక నుంచి వచ్చింది. తల కిందికీ తోక పైకీ పెట్టి, నిట్రాయిలా ఉన్న బండ మీద దిగుతూ దిగుతూ నాకు పది అడుగుల దూరంలో ఆగింది. రెక్క మీద చార లేదు. వీపున పచ్చదనం లేదు. ముక్కు పక్కన ఆ గీత, కందిపప్పు రంగు. పగులులో ముక్కు దూర్చి సాలీడును లాగింది, బండకేసి ఒకసారి తుడిచి మింగింది. నోట్‌బుక్కులో రెండేళ్ల కిందటి పేజీ తీసి ప్రశ్నార్థకం కొట్టేశాను.

"గుప్తనిధులకా సారూ?"

వెనక్కి తిరిగితే మేకలు కాసే పెద్దాయన. భుజాన గొడ్డలి, నడుముకు నీళ్ల సీసా. కోటలో పొద్దున్నే ఒంటరిగా నోట్‌బుక్కుతో కూర్చున్నవాణ్ని చూస్తే ఎవరికైనా వచ్చే అనుమానమే.

"కాదు పెద్దాయనా, పిట్ట కోసం."

"పట్టనీకా?"

"చూడనీకి."

ఆయన నావైపు చూసిన చూపులో గుప్తనిధులే నయం అన్నట్టుంది. బైనాక్యులర్ ఇచ్చాను. కాసేపు ఆకాశం చూశాడు, కాసేపు తన మేకలనే చూసుకున్నాడు. చివరికి గుండు మీదికి తిప్పాను.

"ఇదా? గింతంత పిట్టకు గింత పెద్ద అద్దాలా? ఎంత తూగుతది సారూ?"

"ఎనిమిది గ్రాములు."

"తులం గూడ లేదు!"

"యాడికెళ్లి వచ్చిందో తెలుసా? కశ్మీర్ అవతలి కొండలకెళ్లి. ఏడాదికోసారి వస్తది. ఎండలు ముదిరితే పోతది."

"ఉగాదికి ఉంటదా?"

"ఉంటే ఉంటది, లేకుంటే లేదు. ఏప్రిల్‌ల అయితే పోతది."

"మా చిన్నోడు బొంబాయికెళ్లి ఉగాదికే వస్తడు" అన్నాడాయన బైనాక్యులర్ దించకుండానే.

ఇంతలో ఓ మేక గుండెక్కింది. పిట్ట లేచి పక్క గుండు మీద వాలి, ఏమీ జరగనట్టు పాకడం మొదలెట్టింది. పెద్దాయన దాని వెంబడే అద్దాలు తిప్పాడు.

"తులం లేదు" అన్నాడు మళ్లీ.